చలిమెట్టు మీద బూట్లు

జూరిక్
నవంబరు, ఆదివారం

వదినా,

ఫోన్ చేయొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్‌లో అయితే మొదటి మాటకే నవ్విస్తావు, రెండో మాటకి నా ఆలోచన నీ వైపు తిరిగిపోతుంది. పెట్టేశాక నేనేం అడగాలనుకున్నానో నాకే గుర్తుండదు. కాగితం మీదైతే నేను పూర్తి చేసేదాకా నువ్వు అడ్డు రాలేవు. అందుకని ఉత్తరం.

ఇక్కడ పొగమంచు దిగి చాలా రోజులైంది. సరస్సు మీద మొదలై, వంతెనలెక్కి, మా వీధి చివర గంటస్తంభం నడుము దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ట్రాము ముందు చప్పుడుగా వస్తుంది, తర్వాత దీపంగా, ఆ తర్వాతే ట్రాముగా. తరగతిలో పాత పటాల గురించి చెబుతూ చెబుతూ కిటికీ వైపు చూస్తాను. ఈ తెల్లదనం వెనక ఎక్కడో మన మురానా కొండ ఉంది, దాని ఉత్తరపు ముఖానికి ఈ నెలలో ఎండ తగలదు, పొద్దంతా నీలంగానే ఉంటుంది అనుకుంటాను. నేను వాక్యం మరిచిపోయానని పిల్లలు అనుకుంటారు. మరిచిపోయే ఉంటాను.

చిన్నప్పుడు మా వంటింటి కిటికీలో ఆ ముఖం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నువ్వు మా అన్నయ్యను చేసుకుని ఆ వంటింట్లోకి వచ్చిన మొదటి రోజున పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా దాన్నే చూస్తూ నిలబడ్డావు. మా అమ్మ 'ఈ పిల్ల కుర్దిన్ కోసం వచ్చిందా, కొండ కోసం వచ్చిందా' అంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో మనిద్దరం మంచు మీద జారే బోర్డులు కాళ్లకు బిగించుకుని దాని చుట్టుపక్కల దిగని వాలు లేదు. ఆ ముఖం మాత్రం దిగలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ.

సెప్టెంబరులో రైల్లో కనుమ దాటుతూ చూశాను. కింద మూడోవంతు నల్లగా బయటపడింది. అక్కడి మంచుగడ్డ ప్రతి ఏడూ పలచబడుతోందట. ఇంకొన్ని వసంతాల తర్వాత పైనుంచి కిందిదాకా తెగకుండా మంచు ఉండకపోవచ్చు. కాబట్టి ఈ ఏప్రిల్‌లో దిగాలి. మనిద్దరం. నువ్వు లేకుండా నేను దిగను, ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

ఇక బూట్లు. నావి మెత్తబడి ఇంటి చెప్పుల్లా అయిపోయాయి, మడమ లోపల ఈదుతోంది. ఆ ముఖానికి గట్టి బూట్లు కావాలని అందరూ రాస్తున్నారు. పదికి పది గట్టిదనం అంటున్నారు. నాకూ అదే కావాలనిపిస్తోంది. అనిపించగానే మళ్లీ సందేహం. నాకు కావాల్సింది ఆ బూట్లా, వాటిని వేసుకోగలిగే ఇంకెవరో ఆడమనిషా? నలభై నాలుగేళ్లకి ఇలాంటి ప్రశ్న ఎవరైనా వేసుకుంటారా?

నీ సెరైనా


సెడ్రూన్
నవంబరు

ఆడపడుచుగారికి,

ఉత్తరం అందింది. చదివి మీ అన్నయ్యకు వినిపించాను. 'దానికి బూట్లు కావాలంటే బూట్లు కావాలని రాయదేం' అన్నాడు. రైలు పట్టాల మీద మంచు తోసే బండి నడిపేవాడికి నీ పొగమంచు ఏం అర్థమవుతుంది చెప్పు. నాకు అర్థమైంది. సగం.

ముందు నీ పదికి పది సంగతి. గట్టి బూటు ఎందుకంటే, నిట్టనిలువుగా ఉన్న వాలులో, రాయిలా గడ్డకట్టిన మంచు మీద బోర్డు అంచు ఒక్కటే నిన్ను పట్టుకుని ఉంటుంది. నువ్వు మోకాలు వంచిన మరుక్షణం ఆ అంచుకు కబురు అందాలి. మెత్తటి బూటైతే కబురు దారిలో కూర్చుని కాఫీ తాగి వెళుతుంది. అంతవరకూ నువ్వు చదివింది నిజమే. కానీ అతి గట్టి బూటు నీ మాట వినదు. దాన్ని వంచడానికి బరువుండాలి. నీకు బరువెక్కడిది, సందేహాలు తప్ప.

రెండో సంగతి. ఒక సైజు పెద్దది కొనకు. మేజోళ్లు రెండు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందని కూడా అనుకోకు. జూరిక్ నుంచి వచ్చేవాళ్లు అందరూ చేసే పనే అది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మడమ ఏం చేసినా లేవకూడదు.

మూడోది. తీగ చుట్టే చక్రం ఉన్నవి వద్దు. కొట్లో ముద్దుగానే ఉంటుంది, టికటికమంటుంది. శిఖరం మీద తీగ తెగితే నీ డాక్టరేటుతో కట్టుకుంటావా? తాళ్లున్నవి తీసుకో. తాడు తెగితే ముడేస్తాం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఉత్తరంలో చెప్పేది కాదు. వచ్చి నా బూట్ల కొట్టు వెనక చలిమెట్టు మీద నిలబడు. శనివారం రా, బార్లీ సూపు కాస్తాను.

ఏప్రిల్ సంగతి ఏప్రిల్‌లో చూద్దాం.

లదీనా


జూరిక్
డిసెంబరు

వదినా,

ఇంకా నీ కొట్టు వాసనలోనే ఉన్నాను. మైనం, తడి ఉన్ని, సూపు.

ఆ చలిమెట్టు గురించి ఇన్నేళ్లూ నాకు తెలియకపోవడం వింతగా ఉంది. కొట్టు వెనక, ఎండ తగలని ఆ రాతిమెట్టు మీద సాయంత్రం బూట్లు వరసగా పెట్టడం, పొద్దున్నే వాటిని కొన్నవాళ్ల చేత అక్కడే వేయించడం. మన ఊళ్లో వాళ్లకి అది మామూలు విషయం. ఆ ముసలాయన మెట్టు మీద బూటు వేసుకుంటూ పళ్లు కొరుకుతూ, 'లదీనా, నిన్న మధ్యాహ్నం ఇది నా పెళ్లాంలా ఉంది, ఇవాళ అత్తగారిలా ఉంది' అంటే నువ్వు 'కొండ మీద ఉండేది అత్తగారే, ఆవిడతోనే బేరం చేసుకో' అన్నావు చూడు, అది రైల్లో గుర్తొచ్చి నవ్వుకున్నాను. పక్కావిడ జరిగి కూర్చుంది.

వెచ్చటి కొట్లో పది అంటే పదే. చలిలో అది పన్నెండు, పదమూడు. ఈ ఒక్క ముక్క నా పిల్లలకి చెప్పాలనుంది. పటం గీసినవాడు వెచ్చటి గదిలోనే కదా గీశాడు.

నువ్వు ఎనిమిది చాలన్నావు. ఎనిమిదిలో నా మోకాళ్లు వంగాయి, పదిలో కొయ్యబొమ్మలా నిలబడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా ఇంటికొచ్చాక మళ్లీ పదే కలలోకి వస్తోంది. కలలో నేను మురానా అంచున ఉంటాను. కాళ్లు కనబడవు, కింద మేఘం పాలమీగడలా కదులుతూ ఉంటుంది. కాళ్లకి ఏదో గట్టిగా పట్టుకుని ఉందన్న నమ్మకం ఒక్కటే ఉంటుంది. ఎనిమిదితో ఆ నమ్మకం వస్తుందా? నవ్వకు. నువ్వు నవ్వుతున్నావు.

ఒకటి అడగాలి. మనం ఆకుల్లో పిండి పెట్టి కపూన్స్ చుడుతున్నప్పుడు ఏప్రిల్ మాటెత్తాను. నువ్వు పాలకూర ఆకు చిరిగిందని కొత్త ఆకు తేవడానికి వెళ్లావు. రెండోసారి ఎత్తితే సూపులో ఉప్పు తగ్గిందన్నావు. ఉప్పు సరిపోయింది వదినా. నడవాలో మేకుకి మీ ఇద్దరి సామాను వేలాడుతూ ఉండేది. అన్నయ్య స్కీలు ఉన్నాయి, నీ బోర్డు లేదు. అడిగితే మోకాలన్నావు. చలిమెట్టు దగ్గర ఆ ముసలాయన ముందు గొంతుక్కూర్చుని తాళ్లు బిగించినప్పుడు ఆ మోకాలికి ఏమీ కాలేదు.

ఏప్రిల్‌లో వస్తావు కదా?

నీ సెరైనా


సెడ్రూన్
జనవరి

సెరైనా,

కొట్టు నిండా జనం. అందుకే ఆలస్యం, అందుకే చిన్న ఉత్తరం.

నీ కల మీద నాకు జాలేసింది. నీ సైజులో పదో నంబరు గట్టిదనం ఉన్న జత ఒకటి దొరికింది, పార్సెల్‌లో పంపుతున్నాను. బెర్న్ నుంచి వచ్చిన ఒకావిడ కొని, కొన్నాళ్లు వాడి, పడలేదని తిరిగిచ్చేసింది. అడుగు మాత్రం చూడు, రాళ్ల మీద నడవడానికి పనికొచ్చే లోతైన గాడుల రబ్బరు. శిఖరం దాకా చివర్లో రాయి మీద నడవాలి కదా, నున్నటి అడుగైతే జారతావు.

ఇంట్లో రోజూ సాయంత్రం వేసుకుని తిరుగు. మేడమెట్లు ఎక్కు, దిగు. నీ కింది వాటావాళ్లు తిడితే నా పేరు చెప్పు. పడితే ఉంచుకో, పడకపోతే ఎవరికైనా ఇచ్చెయ్. నాకు అక్కర్లేదు. కొట్టుకి, అంటే.

మోకాలు మోకాలే. డాక్టరువి నువ్వు పటాలకి.

లదీనా


జూరిక్
జనవరి, చివరి వారం

వదినా,

పార్సెల్ విప్పినప్పుడు బయట మంచు పడుతోంది. ఊళ్లో పడే మంచుకి బరువుండదు, నేలను ముట్టుకునే లోపలే మనసు మార్చుకుంటుంది. నా జాతిదే.

బూట్లు వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. గట్టిగా ఉన్నాయి. చాలా సేపటికి తెలిసింది, వీటిలో ఇంతకు ముందు ఎవరో ఉన్నారని. లోపలి బూటుకి వేడి పెట్టి పాదానికి అచ్చు పోస్తారు కదా. ఆ అచ్చు నా పాదం కిందా పక్కనా ఎక్కడెక్కడో ఎత్తుగా, ఎక్కడెక్కడో ఖాళీగా తగులుతోంది. చీకట్లో ఇంకొకరి ఇంట్లో నడుస్తున్నట్టుంది. గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. అక్కడ ఉండేవాళ్లకి అది అలవాటే.

ఎడమ బూటులో చిటికెన వేలి పక్కన ఒక గుంట ఉంది. బఠానీ గింజంత. వేలు పెట్టి చూశాను.

వదినా, నీ పెళ్లయిన ఏడాది, మా పశువులపాకలో కట్టెల మోపు కాలి మీద పడి నీ చిటికెన వేలు ఎముక విరిగింది. అది వంకరగా అతుక్కుని బుడిపె కట్టింది. వేసవిలో సరస్సులో కాళ్లు పెట్టి కూర్చున్నప్పుడల్లా దాన్ని చూపించి 'ఇది మీ ఇంటివాళ్లు నాకు పెట్టిన నగ' అనేదానివి. బెర్న్ ఆవిడకి కూడా మా ఇంటివాళ్లే నగ పెట్టారా?

ఇవి నీ బూట్లు. దాదాపు కొత్తవి. నువ్వు వీటిని నాకిచ్చి, నాకు అక్కర్లేదని రాసి, పక్కన 'కొట్టుకి' అని చేర్చావు.

నాకు కోపం లేదు. భయంగా ఉంది. నీకు ఏదైనా జబ్బా? అన్నయ్యా నువ్వూ బాగానే ఉన్నారా? నేనింక ఊహించలేను. ఊహించడం నాకు చాలా బాగా చేతనైన పని, అందుకే ఆపుతున్నాను. నువ్వే చెప్పు.

సెరైనా


సెడ్రూన్
ఫిబ్రవరి

సెరైనా,

ఆ బుడిపె సంగతి మరిచిపోయాను. రోజూ నా కాళ్లు నేను చూసుకోను కదా, ఊరందరి కాళ్లూ చూస్తాను.

జబ్బు లేదు. మీ అన్నయ్య బాగున్నాడు, వెల్లుల్లి తిని గురకపెడుతున్నాడు. మోకాలు కూడా బాగుంది. మిగతాది కూర్చుని చదువు, నిలబడి చదవకు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో, కొట్టుకొచ్చిన ఇద్దరు అతిథులకి దారి చూపిస్తూ గట్టు మీదకి వెళ్లాను. నాకు కొట్టినపిండి అయిన వాలు. వాతావరణం బాగుంది, మంచు బాగుంది. వాళ్లు సరదా మనుషులు, దారంతా చీజ్ గురించి పోట్లాడుకున్నారు. బోర్డు బిగించుకున్నాను. 'నేను ముందు దిగి చెయ్యి ఊపుతా, అప్పుడు రండి' అన్నాను. అంచున ముక్కు పెట్టాను. కాలు కదల్లేదు.

ఏమీ జరగలేదు సెరైనా. అదే నేను ఎవరికీ చెప్పలేకపోయింది. మంచు విరిగిపడలేదు, ఎవరూ చావలేదు, నేను పడలేదు. కింద లోయ మామూలుగానే ఉంది, మన చర్చి గోపురం సూదిలా కనబడుతోంది. నా కాళ్లు మాత్రం నావి కావు. అతిథుల్లో ఒకాయన 'ఏమైనా అయిందా' అంటే 'మంచు బాలేదు, వెనక్కి పోదాం' అని అబద్ధమాడాను. గట్టు వెంట నడిచి దిగాం. వాళ్లు దణ్ణం పెట్టినంత పనిచేశారు, ఎంత జాగ్రత్త గల మనిషో అని.

ఆ తర్వాత బూట్లు బాలేవనుకున్నాను. ఇంత వయసొచ్చాక, ఇన్ని వందల మందికి బూట్లు అమ్మాక, అదే అనుకున్నాను. మడమ లేస్తోంది, అందుకే నమ్మకం రావట్లేదని కొత్త జత తీసుకున్నాను. మళ్లీ ఒక్కదాన్నే వెళ్లాను, మళ్లీ అదే. ఇంకా గట్టివి తీసుకున్నాను. నీ దగ్గరున్నవి ఆఖరివి. అచ్చు పోసి, చలిమెట్టు మీద పెట్టి, పొద్దున్నే వేసుకున్నాను. మెట్టు మీద నిలబడితే అద్భుతంగా ఉన్నాయి. మెట్టు దగ్గర నాకు భయం లేదు కదా.

కొట్టుకి ఎవరైనా వచ్చి 'ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టివి ఇవ్వు' అంటే ఇప్పుడు నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. ఈ మనిషికి కావాల్సింది బూటేనా అని. నువ్వు నవంబరులో రాసినప్పుడు కూడా ఆగింది.

మీ అన్నయ్యకి మోకాలని చెప్పాను. పాపం, రోజూ రాత్రి ఆకుపసరు నూనె రాస్తున్నాడు. బాగున్న మోకాలికి. తనకి చెప్పకు.

ఏప్రిల్‌లో నేను రాలేను. నీకు ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వూ మానేస్తావు, ఆ పాపం నాకెందుకని దాటేశాను. ఇంకెవరితోనైనా వెళ్లు. మురానా నీకోసం ఆగదు, నాకోసం అసలే ఆగదు.

లదీనా


జూరిక్
ఫిబ్రవరి

వదినా,

నీకు ధైర్యం చెప్పను. నాకే లేదు, నీకు ఎక్కడి నుంచి తెచ్చి పోస్తాను.

నీ ఉత్తరం చేత్తో పట్టుకుని సరస్సు ఒడ్డున చాలా దూరం నడిచాను. నీళ్ల మీద పొగమంచు చీలికలై పోతోంది. ఒక నీటికోడి అందులోకి వెళ్లిపోయి ఇంకో చీలికలోంచి బయటికి వచ్చింది, ఏమీ ఎరగనట్టు. నువ్వెప్పుడూ ముందుండేదానివి వదినా. నేను పైన మీనమేషాలు లెక్కపెడుతుంటే నువ్వు కింద చిన్న నల్ల చుక్కవై చెయ్యి ఊపేదానివి. నీ చెయ్యి చూసి దిగేదాన్ని. నా కాళ్లు కూడా నావి కావని, నీ చేతివని నాకు అప్పుడే తెలుసు. నీకు తెలియదు. అందరి కాళ్లూ ఎప్పుడూ వాళ్లవే ఉంటాయనుకున్నావు.

నాకు ఆ వాలు అంచున నిలబడిపోవడం ప్రతిరోజూ ఉండేదే. తరగతి గది తలుపు ముందు, డాక్టరు ఫోనుకి జవాబిచ్చే ముందు, ఒక్కోసారి ట్రాము ఎక్కే ముందు కూడా. దానికి మందు తెలియదు. పక్కన పెట్టుకుని పనిచేయడం మాత్రం కొద్దిగా తెలుసు.

బూట్లు తిరిగి పంపుతున్నాను. లోపల మళ్లీ వేడి పెడితే నా పాదం పడుతుంది, నీది చెరిగిపోతుంది. ఆ పని నా చేత్తో చేయను. అదీకాక నువ్వు రాసింది చదివాక నాకు పది ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిసింది. చలిమెట్టు మీద నా మోకాళ్లు నిజం చెప్పాయి, నేనే వినలేదు. ఆ ఎనిమిదే ఉంచు, తాళ్లున్న జత.

నువ్వు లేకుండా దిగనన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఉండటమంటే కాళ్లతోనే ఉండాలా అని ఆలోచిస్తున్నాను. పెద్ద ముఖం దిగేవాళ్లెవరైనా ముందు దాని ఎదురుగట్టు మీద కూర్చుని, దుర్భిణి పెట్టి దారి చదువుకుంటారు కదా. ఎదురుగట్టుకి మంచుచెప్పులు కట్టుకుని నడిచి వెళ్లొచ్చు. వెనక వైపు నుంచి దారి మెత్తగా ఉంటుంది. అంచు లేదు, దూకడం లేదు. అన్నయ్యని నాతో రమ్మందాం. నువ్వు అక్కడ కూర్చుంటావా? చేతిలో వాకీటాకీతో?

కాదంటే మానేద్దాం. నిజంగానే మానేద్దాం, మనసులో పెట్టుకోను. ఇద్దరం వంటింటి కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగుదాం. అది కూడా నాకు ఇష్టమే.

నీ సెరైనా


సెడ్రూన్
మార్చి

సెరైనా,

కూర్చుంటాను.

ఈ ఒక్క మాట రాయడానికి చాలా కాగితాలు పొయ్యిలో వేశాను. మీ అన్నయ్య 'చెల్లాయికి అన్ని ఉత్తరాలేంటి, ఇద్దరూ కలిసి బ్యాంకు దోచే ఆలోచనా' అన్నాడు. నీతో రమ్మంటే 'నేను స్కీల మీద దిగితే అది బోర్డు మీద నా వెనక పడుతుందా, నేను దాని వెనక పడతానా' అంటూ అప్పుడే గొప్పలు మొదలుపెట్టాడు. సంబరంగా ఉన్నాడు. ఎదురుగట్టు నుంచి మోకాలు నొప్పి లేకుండా చూడొచ్చని నాకు సలహా కూడా ఇచ్చాడు.

దక్షిణపు వెచ్చగాలి మొదలైంది. ఊరంతా తలనొప్పి, చూరుల నుంచి నీళ్లు, ఆకాశం కడిగిన గాజులా ఉంది, కొండలు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా వచ్చాయి. ఈ గాలి ఆగి, ఒక చల్లటి తెరిపి వస్తే అప్పుడు కబురు చేస్తాను. ఆ రోజు తరగతి ఎగ్గొట్టాలి.

నిన్న ఒక్కదాన్నే ఎదురుగట్టు ఎక్కి చూసొచ్చాను. పై వాలు, దాని కింద పడుకున్న ఆవులాంటి నల్లరాయి, ఆవు పక్క నుంచి సన్నటి మంచు గొంతుక, ఆ కింద తెరుచుకున్న మైదానం. ఆవుకి రెండోపక్క వెళ్తే కొండ తెగిపోతుంది. చాలా సేపు కూర్చున్నాను. భయం వేయలేదు. నా కాళ్లకి ఏమీ కట్టి లేదు కదా, వేయదు.

నీ బూట్లు చలిమెట్టు మీద ఉన్నాయి. ఊళ్లో వాళ్లు ఎవరివని అడిగితే ప్రొఫెసరుగారివని చెబుతున్నాను. దండం పెట్టి పోతున్నారు.

లదీనా


జూరిక్
ఏప్రిల్

వదినా,

నిన్న రాత్రి బండికే తిరిగొచ్చాను కాబట్టి మనం సరిగా మాట్లాడుకోలేదు. నువ్వు గట్టు దిగి వచ్చేసరికి నాకు రైలు టైమైంది. నీ చెయ్యి మాత్రం పట్టుకుని ఊపాను. ఇవాళ పాఠం చెబుతుంటే బల్ల నా కింద కొద్దిగా వాలినట్టుంది. ఒంట్లో ఆ వాలు ఇంకా తగ్గలేదు.

పైన ఎలా ఉందో నీకు చెప్పాలి. నువ్వు నన్ను చూశావు కానీ నేను చూసింది నువ్వు చూడలేదు.

అంచు దగ్గర ఏమీ లేదు వదినా. అంతసేపు దుర్భిణిలో చదువుకున్న కొండ, రాళ్లు, దారి, ఏవీ లేవు. తెల్లటి ఒక వంపు, దాని తర్వాత గాలి. ముఖం మీద నిలబడితే ముఖం కనబడదని ఎవరూ చెప్పరు. నేనే ప్రతి ఏడూ పిల్లలకి చెబుతాను, పటం చూసినవాడు నేల చూసినట్టు కాదని. చెప్పినంత మాత్రాన నాకు తెలుసనుకున్నాను. అన్నయ్య వెనక నిలబడి 'తొందరేం లేదు' అంటున్నాడు. తొందర లేదు అని ఎవరైనా అంటే నాకు కంగారు ఎక్కువవుతుంది.

కాళ్ల కింద బూట్లు ఉన్నాయి. తెల్లవారుజాము చలికి ఆ ఎనిమిది బిగుసుకుని పదయింది. నాకు కావాల్సిన పది అదే. మోకాలు వంచితే వంగింది. మొదటి మలుపులో గడ్డమంచు మీద బోర్డు అంచు కరకరమంది, మడమ లేవలేదు. రెండో మలుపు, మూడోది. అప్పుడు ఆగి నిన్ను అడిగాను, ఆవు కనబడటం లేదు, ఎటు అని.

నువ్వు 'ఎడమకి' అన్నావు.

బోర్డు ముక్కు ఎడమకి తిప్పాను. ఆ మంచు ఎంత నున్నగా, ఎంత అందంగా ఉందో చెప్పలేను. పిలుస్తున్నట్టుంది. అంతలో నీ గొంతు విరిగినట్టు వచ్చింది. 'ఆగు. ఆగు సెరైనా. అది నా ఎడమ. నీకు కుడి.'

ఆగాను. బోర్డు అంచు మీద నిలబడ్డాను, బూట్లు నన్ను పట్టుకుని నిలబెట్టాయి. మెత్తటివైతే ఆ వాలులో అలా ఆగలేకపోయేదాన్ని. నా బోర్డు కింది నుంచి జారిన మంచు ముక్కలు ఎడమ వైపు వెళ్లి, వంపు దాటి, మళ్లీ చప్పుడు చేయలేదు. నాకు నీ మీద కోపం రాలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎవరైనా చేసే తప్పే. వాకీటాకీలో చాలా సేపు గాలి చప్పుడే వినిపించింది. నువ్వు వెళ్లిపోయావనుకున్నాను.

తర్వాత అన్నావు, 'ఉండు. నన్ను అక్కడికి రానీ. నీ పక్కన నిలబడి చూస్తేగాని చెప్పలేను.'

ఆ తర్వాత నీ మాట మారిపోయింది. అన్నయ్య కూడా గమనించి కనుబొమలు ఎగరేశాడు. ముందుకాలి మీద బరువు వెయ్యి అన్నావు. ఇక్కడ మంచు మెత్తబడుతుంది, భయపడి వెనక్కి కూర్చోకు అన్నావు. ఆవు ఇప్పుడు మన ఎడమ భుజం పక్కన ఉంది, దాన్ని చూడొద్దు, గొంతుకలోకి చూద్దాం అన్నావు. గొంతుకలో రెండు గోడల మధ్య వెలుతురు నీలంగా, పాలలా ఉంది. నేను ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టు నెమ్మదిగా తిరుగుతున్నాను. నీ గొంతు నా చెవిలో లేదు, నా కాళ్లలో ఉంది. తర్వాత మైదానం తెరుచుకుంది. నువ్వు దారి చెప్పాల్సిన పని లేదు కదా అక్కడ, ఎటు తిరిగినా మంచే. పిచ్చిదానిలా పెద్ద పెద్ద వంపులు తిప్పుకుంటూ, నోరు తెరుచుకుని, మంచు మింగుతూ దిగాను.

అన్ని సందేహాలూ ఉన్న దాన్నే కాబట్టి ఇదీ అడుగుతున్నాను. నిన్న అక్కడి నుంచి దిగింది నేనొక్కదాన్నేనా?

సెరైనా


సెడ్రూన్
ఏప్రిల్

సెరైనా,

నువ్వు అడిగినదానికి నాకు జవాబు తెలియదు. నువ్వు మైదానంలో చుక్కవైపోయాక, కూర్చునే ఉన్నాననుకుని లేవబోయాను. అప్పుడు చూసుకున్నాను, రాతి మీద కూర్చున్నదాన్ని ఎప్పుడు లేచానో, మోకాళ్లు వంచి, ఎడమ భుజం ముందుకు పెట్టి నిలబడి ఉన్నాను. గట్టు మీద ఒక్కదాన్నే. ఎవరైనా చూస్తే కోడిని పట్టుకోవడానికి పొంచి ఉన్నాననుకుంటారు.

ఆ ఎడమ మాట అన్న తర్వాత, నువ్వు ఆగిన తర్వాత, నేను చేసింది ఇదీ. కళ్లు మూసుకున్నాను. నీ పక్కన నిలబడాలంటే అంచున నిలబడాలి, ఇంకో దారి లేదు. నిలబడ్డాను. భయం వచ్చింది, పోయిన ఏడాది వచ్చినదే, అదే ముఖం. నువ్వు కింద వాలులో ఆగి ఉన్నావు కాబట్టి దాన్ని కూర్చోబెట్టి మాట్లాడే తీరిక లేదు. కళ్లు తెరిచి నీకు దారి చెప్పాను.

ఇప్పుడు నేను బోర్డు ఎక్కగలనా అని అడగబోతావు. తెలియదు. ఎక్కకపోవచ్చు. నువ్వు అడిగేలోపే చెబుతున్నాను, ఈ సంగతి నన్ను ఏడిపించడం లేదు.

నీకు రాయాల్సింది వేరే ఉంది. నిన్ను కింద ఎండలో కూర్చోబెట్టి మీ అన్నయ్య స్కీల మీద నా గట్టు వెనక వైపు నుంచి పైకెక్కుతూ ఎదురొచ్చాడు. సగం దారిలో కలిశాం. మొహం ఎర్రగా, మీసాల నిండా మంచు, ఇరవై ఏళ్ల కుర్రాడిలా ఉన్నాడు. నీ గురించి తెగ చెప్పాడు. చెప్పి చెప్పి ఆగి, 'మోకాలు ఎలా ఉంది, నడవగలవా' అన్నాడు.

'మోకాలు బాగానే ఉంది కుర్దిన్' అన్నాను. 'ఎప్పుడూ బాగానే ఉంది. నాకు భయం వేసింది. పోయిన ఏడాది నుంచి.'

చేతి తొడుగుతో మీసం తుడుచుకున్నాడు. 'అయితే ఆ నూనె' అన్నాడు.

'నూనె బాగుంది' అన్నాను.

'ఇప్పుడు కూడా వేస్తోందా?'

'ఇప్పుడు లేదు. నడుస్తున్నాను కదా.'

అక్కడి నుంచి కిందికి మంచు ఎలా ఉందో నీకు తెలుసు. పొద్దుటి గడ్డ పైపైన కరిగి, పట్టులా, స్కీ పెడితే తనంతట తానే మోసుకుపోయేలా. ఏడాదికి ఒకటి రెండు రోజులే అలా ఉంటుంది. ఆ రోజుల కోసం మీ అన్నయ్య సెలవులు దాచుకుంటాడు. కిందికి ఒకసారి చూశాడు, చాలా సేపు. తర్వాత వంగి, స్కీలు విప్పి, రెండూ కలిపి కట్టి భుజాన వేసుకున్నాడు. ఆ గట్టి బూట్లతో, మెత్తటి మంచులో మోకాలి దాకా దిగబడుతూ, తిట్టుకుంటూ, ఊరిదాకా నా పక్కనే నడిచాడు.

లదీనా